నా చేతులు చూడని మనిషి

ఈ మధ్య కంటి ఆసుపత్రిలో శిక్షణకు చేరిన పిల్లలు నలుగురు నన్ను చూడ్డానికి ఇంటికి వచ్చారు. టీ తాగుతూ ఒక అమ్మాయి, "మేడమ్, మీ రోజుల్లో మెషీన్లు లేకుండా కళ్లెలా చూసేవారు?" అని అడిగింది. నేనేదో రాతియుగంలో పుట్టినదాన్ని అన్నట్టుంది ఆ అడగడం. కోపం వచ్చింది కాని నవ్వేశాను. నా కోపం పొయ్యి మీద పాలలాంటిది, పొంగడం ఎంతసేపో దిగడమూ అంతసేపే.

వాళ్లకు ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఇది నేను చేసిన గొప్ప పని గురించి కాదు. కళ్లు కనపడని మనిషికి "చూపు బాగుంది" అని నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చిన చీటీ గురించి.

తొంభైల చివరి సంగతి. నాకప్పుడు ముప్పై మూడేళ్లు. పుట్టిల్లు కంచిలి దగ్గర కొబ్బరితోటల ఊరు, మెట్టినిల్లు పలాస. పదేళ్లుగా పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతున్నాను. ఇంటర్ పాసై పిక్కలు కొట్టేది ఆ షెడ్డులో నేనొక్కదాన్నే. ఆ సంగతి నేను మరిచిపోయినా తోటి ఆడవాళ్లు మరిచిపోనిచ్చేవారు కాదు. "కాలేజీ అమ్మా, కొంచెం జరుగు" అనేవారు.

మా అత్తగారి కంటి ఆపరేషన్‌కి టెక్కలిలో ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు అక్కడ గోడ మీద కాగితం చూశాను. కంటి పరీక్షలు చేసే టెక్నీషియన్లుగా ఏడాదిన్నర శిక్షణ ఇస్తారట. పాతికేళ్లలోపు వాళ్లకే అని ఉంది. అయినా మా అత్తగారు, "అడిగితే కొడతారేటి? ఎల్లి అడుగు" అని నన్ను వెనకనుంచి తోసింది. లోపల డాక్టరమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఏం పని చేస్తున్నావని అడిగింది. "పిక్కలు కొడతానండి, పప్పు ఏరతాను. ముక్కలవని గుండేదో, చీలిన బద్దేదో, ఏది రంగు తక్కువో అంత దూరంనుంచి చెప్పేస్తానండి" అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది. నవ్వినా చేర్చుకుంది.

పిక్కలు కొట్టేవాళ్ల చేతులు మీలో ఎంతమంది చూశారో తెలియదు. పెంకులోంచి కారే జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. బూడిద పూసుకున్నా ఆముదం రాసుకున్నా వేళ్ల చివర్లు నల్లబడి, పగిలి, పొరలు లేస్తాయి. గోళ్ల చుట్టూ కాటుక పట్టినట్టు ఉంటుంది. శిక్షణలో చేరాక కూడా ఇల్లు గడవడానికి ఆదివారాలు షెడ్డుకు వెళుతూనే ఉన్నాను కాబట్టి ఆ నలుపు పోయే దారి లేదు. ఎన్నిసార్లు సబ్బుతో రుద్దినా అంతే. కంటి రెప్ప పైకెత్తి చూద్దామని నేను చెయ్యి చాపగానే రోగులు తల వెనక్కి తీసేవారు. "ఏటమ్మా ఆ సేతులు? రోగమేటి?" అని అడిగేవారు. "రోగం కాదు, జీడి" అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టేది. మొదటి నెలంతా చేతులు చీర కొంగులో దాచుకునే తిరిగాను.

నాతోపాటు శిక్షణలో ఉన్న ఇరవై ఏళ్ల అమ్మాయి ఒకతి దాన్నొక ఆట చేసింది. సాయంత్రం కాగానే, "అక్కా, ఇవాళ నీ చేతుల గురించి ఎంతమంది అడిగారు?" అనేది. నేను లెక్క చెబితే పడీపడీ నవ్వేది. మంచి పిల్ల. దాని నవ్వులో ఎగతాళి లేదు కనక నేనూ నవ్వేదాన్ని.

మాకు పాఠాలు చెప్పిన మాస్టారు ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన. విజయనగరం వైపు మనిషి. ఎవరినీ కసరేవారు కాదు, కాని తప్పు చేస్తే ఒక్క క్షణం కళ్లజోడు తీసి మనవంక చూసేవారు. ఆ చూపు కంటే రెండు దెబ్బలు వేసినా బాగుండు అనిపించేది.

మొదటి వారంలోనే ఆయన చెప్పిన మాట ఒకటుంది. చదువురాని వాళ్లకు చూపు పరీక్ష చేసే చార్టు మీరు చూసే ఉంటారు. అన్నీ ఒకే గుర్తులు, మూడు పళ్ల దువ్వెనలా ఉంటాయి. ఆ పళ్లు ఒకచోట పైకి, ఒకచోట కిందికి, కొన్ని కుడికి, కొన్ని ఎడమకి. పై వరసలో పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. పళ్లెటువైపు ఉన్నాయో రోగి చెప్పాలి. "ఎప్పుడూ వరసగా అడక్కండి. కర్ర పెట్టి ఇక్కడొకటి, అక్కడొకటి చూపించండి. మనిషి చెవులు కళ్లకంటే తొందరగా నేర్చుకుంటాయి" అనేవారు మాస్టారు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను.

ఆరో నెలలో బారువ పక్కన సముద్రం ఒడ్డునున్న ఒక ఊళ్లో కంటి శిబిరం పెట్టారు. బడి వరండాలో నా బల్ల. గోడకి చార్టు కట్టాను. పదిగంటలకల్లా జనం బడి గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేశారు. మగవాళ్లు వేటనుంచి వచ్చి వలలు ఒడ్డున పడేసి అలాగే వచ్చినట్టున్నారు, ఒంటి మీద ఉప్పు ఇంకా ఆరలేదు. ఆడవాళ్లు ఎండుచేపల తట్టలు పక్కనబెట్టి వరసలో కూర్చున్నారు.

ఆ ఊరివాళ్లు కుడి, ఎడమ అనరు. చార్టుకి ఎదురుగా కూర్చుంటే కుడిచేతివైపు సముద్రం, ఎడమచేతివైపు ఊరు. అందుకని "పైకి, ఊరేపు, కిందకి, సంద్రమేపు" అని పైకే గట్టిగా చెప్పారు. నాకు భలే ముచ్చటేసింది. చూస్తుండగానే చేతికి జోరు వచ్చింది. షెడ్డులో పదేళ్ల అలవాటు అది. పిక్క తియ్యి, కొట్టు, పప్పు లాగు, పక్కన పడెయ్యి. ఒకే వరస, ఒకే ఊపు. ఆ ఊపులో పడితే నన్ను మించినవాళ్లు లేరు. ఇక్కడా అంతే అయింది. పైవరస ఎడమనుంచి మొదలుపెట్టి కింది వరస కుడిదాకా కర్ర జరుపుకుంటూ పోయాను, ప్రతి మనిషికీ అదే వరస. పక్క బల్ల దగ్గర ఆ ఇరవై ఏళ్ల అమ్మాయి ఇద్దరిని చూసేలోపు నేను ముగ్గురిని పంపించాను. గర్వంగా కూడా ఉంది. నోటుబుక్కూ, కింద గీతా గుర్తుకే రాలేదు.

మధ్యాహ్నం దాటాక ఒక పొడవాటి మనిషి వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి, ఎండకు కమిలిన ఒళ్లు, నెరిసిన జుట్టు. వరసలో ఆయనకు ముందు ఆయన బావమరిది. ఆ బావమరిదికి కళ్లు నిక్షేపంగా ఉన్నాయి గాని ప్రతి గుర్తుకీ పాఠం అప్పజెప్పినట్టు ఊరంతా వినపడేలా, ఆగి ఆగి అరిచాడు. "పై... కి! ఊరే... పు!" ఒక కన్ను అయ్యాక, "మల్లీ ఒకపాలి మొదటినుంచీ సెప్తానుండమ్మా" అని మళ్లీ అరిచాడు. చెవుడు కాబోలు, చెవిటివాళ్లు గట్టిగానే మాట్లాడతారు కదా అనుకుని ఊరుకున్నాను.

తర్వాత ఆ పొడవాటి మనిషి వచ్చి, కాలితో స్టూలును తాకి చూసి, నెమ్మదిగా కూర్చున్నాడు. ఆయన కళ్లలోకి చూడకుండా, నా చూపు చార్టు మీదే పెట్టి, ఒక కన్ను మూసి అడిగాను. గడగడా చెప్పేశాడు. రెండో కన్ను కూడా అంతే. పై వరసనుంచి చివరి వరసదాకా ఒక్క తప్పు లేదు. తలెత్తి నిటారుగా కూర్చుని, సముద్రం మీదికి ఆజ్ఞ ఇస్తున్నట్టు చెప్పాడు. ఆయన ఆ ఊళ్లో ఒక పడవకు పెద్ద అనీ, కెరటాలు దాటించేటప్పుడు వెనక చుక్కాని తెడ్డు ఆయనదే అనీ పక్కనున్నవాళ్లు చెప్పారు. ఆ మాట వినకపోయినా ఆ కూర్చోవడంలోనే తెలిసిపోయేది.

ఆయన నాకు ఎందుకు నచ్చాడంటే నా చేతుల గురించి అడగలేదు. చీటీ రాసి ఇస్తే నల్లటి నా వేళ్లమధ్యనుంచి దాన్ని తీసుకుని, కళ్లకద్దుకుని, "సల్లగుండు తల్లీ" అన్నాడు. మొహం చిట్లించలేదు, తల వెనక్కి తియ్యలేదు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. చీటీలో రెండు కళ్లకీ ఆరు బై ఆరు అని వేశాను, అంటే పూర్తి చూపు. పక్కన "చూపు బాగుంది" అని తెలుగులో రాసి సంతకం పెట్టాను. వరసలు చదివినవాళ్లను లోపలికి పంపే పని లేదు. డాక్టరమ్మ టార్చిలైటుతో చూసేది చదవలేకపోయిన వాళ్లనే. ఆయన చీటీ మడిచి రొంటిన దోపుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం వ్యానులో తిరిగొస్తుంటే నాతో శిక్షణలో ఉన్న ఆ అమ్మాయి రోజూ వేసే ప్రశ్నే వేసింది.

"ఇవాళ ఎంతమంది అడిగారక్కా?"

"అందరూ అడిగారు. ఒక్క పెద్దమనిషి తప్ప."

"అతనికి కనపడి ఉండదు" అని కిసుక్కున నవ్వింది.

నేనూ నవ్వబోయాను. స్టూలును తాకిన కాలు గుర్తొచ్చింది. బావమరిది అరుపులు గుర్తొచ్చాయి. పొద్దుటినుంచీ ఊరంతా కలిసి ఒకే వరసలో "పైకి, ఊరేపు, కిందకి, సంద్రమేపు" అన్నది చెవుల్లో గింగురుమంది. అప్పటికే నాకు ఆ చార్టు మొత్తం నోటికి వచ్చేసింది. కళ్లు మూసుకుని చెప్పగలను. ఆయనా అదే చేశాడు!

ఇప్పుడు రాస్తున్నది రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తాను. ఆ సంగతి నేను మాస్టారికి వెంటనే చెప్పలేదు. రెండు రోజులు మింగేశాను. ఆ వారంలోనే ఆరు నెలల పరీక్ష ఉంది, అందులో పనికిరారనుకున్న వాళ్లను ఇంటికి పంపేస్తారు. మళ్లీ షెడ్డు, మళ్లీ "కాలేజీ అమ్మా, జరుగు". ఎవరూ చూడలేదు కదా, ఆయన కావాలనే చేశాడు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాని భోజనానికి కూర్చుంటే కళ్ల ముందు అదే బొమ్మ. చుక్కాని దగ్గర ఆ మనిషి, ముందు విరిగిపడే కెరటం, పడవలో ఇంకో నలుగురు. ఆయన రొంటిన నా సంతకం.

మూడోరోజు పొద్దున్న మాస్టారి ముందు నిలబడి మొత్తం చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీశారు. నేను తల దించుకున్నాను. ఎంతసేపు చూశారో తెలియదు. చివరికి, "నువ్వు రాసిన చీటీ, నువ్వే వెళ్లి తెచ్చుకో. కొత్తది రాసి ఇచ్చి రా" అన్నారు.

"రేపు పరీక్ష కదండీ."

"ఇదే పరీక్ష అనుకో అమ్మాయ్."

మర్నాడు మొదటి బస్సుకు బయల్దేరి, సోంపేటలో దిగి బారువ ఆటో ఎక్కాను. ఒడ్డుకు చేరేసరికి పడవలు తిరిగొస్తున్నాయి. వాళ్ల పడవ కనిపించింది. ముందు కొసన బావమరిది కూర్చుని నోరు మూయకుండా మాట్లాడుతున్నాడు. వెనక ఆ పొడవాటి మనిషి నిలబడి తెడ్డు పట్టుకుని ఉన్నాడు. గాలికి మాటలు ముక్కలు ముక్కలుగా వినపడ్డాయి. "ఓరి బావా, పెద్దది వచ్చేత్తంది సూడు... ఇది ఎల్లిపోనాది... మన కొబ్బరితోట ఎదురుగొచ్చీసింది..." ఏదో కబుర్లు చెబుతున్నట్టే ఉంది. ఆ కబుర్లకు తగ్గట్టు తెడ్డు ఇటూ అటూ కదులుతోంది. పడవ మెత్తగా ఇసుకలోకి వచ్చి ఆగింది. చూస్తున్న నాకు మాత్రం ఒళ్లంతా చెమట పట్టింది.

బావమరిది నన్ను గుర్తుపట్టాడు. మొహం మాడింది. "టీ తాగుదువుగాని రా సెల్లీ" అని నన్ను దూరంగా తీసుకుపోయి, టీ కొట్టు వెనక ఇసుకలో చతికిలబడ్డాడు.

"మా బావకి కళ్లు మసకలొచ్చి రెండేళ్లయిపోనాది. మాకు తెల్సునని ఆడికి తెల్దు."

"తెలీకపోడమేటి?"

"తెల్దమ్మా. బోటులో నలుగురం ఒకమాటనుకున్నాం. నానలాగ కబుర్లు సెప్తానుంటాను. సంద్రంలోకెల్లినాక లైట్‌హౌసు ఎనకున్న కొండ మద్దిన నొక్కుకి సరిగ్గా ఎదురొచ్చిందా, అక్కడ అడుగున రాళ్లుంటాయి, సేపలుంటాయి. ఆ గురుతులన్నీ మాకు నేర్పినోడు ఆడే. ఇప్పుడు నానే, 'లైట్‌హౌసు బలేగ మెరిసిపోతందిరా కొండమీద' అంతాను. 'వల దించండి' అంతాడు ఆడు. అంతే."

"కెరటాల్లో ఏటైనా అయితే?"

అతను చాలాసేపు ఇసుక గీకాడు. "నా సిన్నప్పుడు కెరటంలో పడిపోతే జుట్టు పట్టుకుని లాగినోడమ్మా ఆడు. నీకు కళ్లు నేవు, ఎనక్కెళ్లి కూకో అని ఏ నోటితో సెప్పమంతావు? ఆ తెడ్డు నాగీసుకుంటే ఆడు ఒడ్డునే సచ్చిపోతాడు."

నాకు కోపం రావలసింది. ముందే చెప్పాను కదా, నా కోపం తొందరగా వస్తుందని. ఆ రోజు రాలేదు. ఒక మనిషి పరువు పోకుండా నలుగురు రెండేళ్లుగా ప్రాణాలు పణం పెట్టి కబుర్లు చెబుతున్నారు. అలాంటి ప్రేమకి నా చార్టు ఒక లెక్కా? కాని ఆ ప్రేమ వల్లే ఆయన ఆసుపత్రి గుమ్మం ఎక్కడం లేదు. దాని మీద నా చీటీ కూడా ఒకటి. "నేను అందరిముందూ ఏమీ అనను. ఆయనతో ఒక్కదాన్నే మాట్లాడనియ్యి" అన్నాను.

ఆయన ఒక పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. వేళ్లు తెగిన కన్నును వెతుక్కుని, దారం దూర్చి, ముడి వేస్తున్నాయి. తల మాత్రం సముద్రం వైపే. నేను సంచిలోంచి ఒక అట్టముక్క తీశాను. దానిమీద ఒకే ఒక్క గుర్తు, నా అరచెయ్యంత. తిప్పి పట్టుకుంటే పళ్లెటు కావాలంటే అటు తిరుగుతాయి. మూడు బారల దూరంలో కూర్చున్నాను.

"మావా, మొన్న చీటీ రాసినదాన్ని. ఒక్కపాలి ఇది సూడు. పళ్లెటేపున్నాయి?"

చేతులు ఆగిపోయాయి. చిన్నగా, "వరస మార్సీసినావేటి?" అన్నాడు.

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మార్సీసినాను మావా. మొన్న మార్చాల్సింది, మార్చలేదు. తప్పు నాది."

"నీదేటి తప్పు. నానే అప్పసెప్పీసినాను." వల ఒళ్లోంచి పక్కకు పెట్టాడు. "కనబడ్డం నేదు తల్లీ. ఈ కంటికి నీడలు కనబడతాయి. ఈ రెండోదానికి అదీ నేదు." చెప్పాక పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ మాట ఆయన బయటికి అనడం అదే మొదటిసారి అని నాకు అర్థమైంది.

టార్చి వేసి చూశాను. రెండు కళ్లలోనూ శుక్లాలు తెల్లగా ముదిరిపోయి ఉన్నాయి. ఇంకా ఆలస్యమైతే కన్ను ఎర్రబడి, నొప్పెట్టి, పూర్తిగా పోయే ప్రమాదం ఉంది. ఇప్పుడు చేయిస్తే చూపు వచ్చే అవకాశం బాగా ఉందని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే. "నలబై రోజులు సంద్రంలోకి ఎల్లొద్దంతారు గదా. మా బావగాడికేటని సెప్పాల?"

"టెక్కల్లో సుట్టాలింట్లో పనుందని సెప్పు" అన్నాను. నా ఉద్యోగంలో నేను కావాలని నేర్పిన మొదటి అబద్ధం అది.

రొంటినుంచి పొగాకు సంచి తీశాడు. అందులోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన నా చీటీ తీసి ఇచ్చాడు. "సూపు బాగున్నాదని రాసినావు గదా. ఎవడైనా అడిగితే సూపిద్దునని దాసుకున్నాను" అన్నాడు. తడి తగలకుండా ఎంత జాగ్రత్తగా దాచాడో! దాన్ని తీసుకుంటుంటే దొంగతనం చేస్తున్నట్టనిపించింది. కొత్త చీటీ రాసి ఇచ్చాను.

రెండు రోజుల తర్వాత టెక్కలి ఆసుపత్రికి వచ్చాడు. పక్కన బావమరిది. "ఆడు సుట్టాలింటికంటే నానూ తోడొచ్చీసినాను" అన్నాడు నా వంక చూడకుండా. ఇద్దరూ ఒకరి ముందు ఒకరు ఏమీ తెలియనట్టు కూర్చున్నారు. మధ్యలో ఇద్దరి రహస్యాలూ మోసుకుని తిరిగేది నేను. నాతో శిక్షణలో ఉన్న అమ్మాయికి విషయం చెబితే అది నోరు రెండు చేతులతో మూసుకుని స్టోరు గదిలోకి పారిపోయింది, నవ్వు ఆపుకోలేక.

డాక్టరమ్మ ముందు కుడి కన్ను ఆపరేషన్ చేసింది. మర్నాడు పొద్దున్న కట్టు విప్పాలి. ట్రే తీసుకుని మాస్టారి చేతికి ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు. "నీ రోగి, నువ్వే విప్పు" అన్నారు.

చేతులు కడుక్కున్నాను. రెండు రోజుల ముందే ఆదివారం షెడ్డుకు వెళ్లొచ్చాను, వేళ్లు మరీ నల్లగా ఉన్నాయి. ప్లాస్టర్ మెల్లగా ఊడదీసి, దూది తీసి, కన్ను తుడిచాను. "మెల్లగా తెరువు మావా" అన్నాను. రెప్పలు కొట్టుకున్నాయి. కన్ను తెరిచాడు. ఆ కన్ను ముందర ఇంకా నా చేతులే ఉన్నాయి.

చూశాడు. తల కొంచెం వెనక్కి తీసి మళ్లీ చూశాడు. నా చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఓలమ్మ! ఏటమ్మా సేతులిలాగ కాలిపోనాయి? పిక్కలు కొట్టీదానివేటి నువ్వు?"

ఆ ప్రశ్న ఆరు నెలలుగా రోజూ విని విసిగిపోయినదాన్ని. ఆ పొద్దున్న విన్నప్పుడు మాత్రం ఏడుపు ఆగలేదు. ట్రే పక్కన పెట్టి, ఆయన చేతుల్లోనే నా చేతులు వదిలేసి ఏడ్చాను. ఆయనకేమీ అర్థం కాలేదు. "మంటెత్తుతున్నాయా తల్లీ? ఆవదం రాయకపోనావా?" అంటున్నాడు. మాస్టారు చీటీ నా ముందుకు జరిపి, "చూపు రాయి అమ్మాయ్" అన్నారు.

మాస్టారే కర్ర పట్టుకుని ఎక్కడెక్కడో గుర్తులు చూపించారు. ఆయన తొందరపడకుండా చెప్పుకుంటూ పోయాడు. కట్టు విప్పిన మొదటిరోజే సగం చార్టు దాటాడు. ఆ గదిలో సముద్రం ఎటుందో తెలియదు కనక వేలితో చూపించాడు.

అయ్యాక తల తిప్పి గది మూలన గోడకానుకుని నిలబడ్డ బావమరిదిని చూశాడు. చాలాసేపు చూశాడు. రెండేళ్లలో అతని జుట్టు ఎంత నెరిసిందో చూసుకుంటున్నాడనుకుంటాను.

"ఒరే బావా."

"ఏట్రా?"

"ఇంక బోటులో నోరు మూసుకుని కూకో. రెండేళ్లయ్యి నీ కబుర్లతో నా సెవులు సిల్లులు పడిపోనాయి."

ఆ కబుర్లు ఎందుకో ఆయనకు మొదటినుంచీ తెలుసు! తనకు తెలుసని బయటపడితే వీళ్లు బాధపడతారని ఆయన ఊరుకున్నాడు. ఆయనకు కనపడదని తమకు తెలుసని బయటపడితే ఆయన బాధపడతాడని వీళ్లు ఊరుకున్నారు. బావమరిది వచ్చి మంచం పక్కన కూలబడి ఆయన మోకాలి మీద తల పెట్టాడు. ఆయన ఆ జుట్టు పట్టుకుని కొంచెం లాగాడు.

నన్ను ఇంటికి పంపలేదు. ఆ వారం నేను రాయని పరీక్షకి మాస్టారు ఎన్ని మార్కులు వేశారో ఇప్పటికీ తెలియదు, అడిగే ధైర్యం చేయలేదు. శిక్షణ పూర్తయింది, అక్కడే ఉద్యోగమూ వచ్చింది, ఆదివారాలు షెడ్డుకు వెళ్లడం మానేశాను. పాత చీటీ మాత్రం పారెయ్యలేదు. చాలా ఏళ్లు నా బల్ల సొరుగులో ఉంది. చార్టు ముందు చేతికి ఊపు వచ్చినప్పుడల్లా సొరుగు లాగి దానివంక చూసేదాన్ని.

ఆయన రెండో కన్ను కూడా ఆ ఏడే చేయించుకున్నాడు. ఆ తర్వాత ప్రతి ఏటా చూపించుకోవడానికి వచ్చేవాడు. వచ్చి కుర్చీలో కూర్చోగానే, నేను ఆయన కళ్లు చూడ్డం కాదు, ఆయనే నా చేతులు లాక్కుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసేవాడు. "నిరుడుకంటే తగ్గినాయి." "ఈ ఏలు ఇంకా మానాల." అలా ఆయన పరీక్ష అయ్యాకే నా పరీక్ష. ఏడాదికేడాదికీ నలుపు తగ్గిపోయింది. తర్వాత ఎవరూ నా చేతుల గురించి అడగడం మానేశారు. నేనూ వాటిని మరిచిపోయాను.

ఆయన ఆఖరిసారి వచ్చింది రెండువేల ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో. బాగా ముసలైపోయాడు, పడవ దిగి అప్పటికి మూడేళ్లు. నా చేతులు అలవాటుగా తీసుకుని ఒక్కొక్క వేలూ చూశాడు.

"అన్నీ పోనాయి మావా. శుబ్బరంగున్నాయి" అన్నాను నవ్వుతూ.

"అన్నీ పోనేదు" అన్నాడు. ఎడమచేతి చిటికెనవేలు పట్టుకుని, "ఈ గోరు మూల సూడు. ఆవగింజంత నలుపుంది" అన్నాడు.

నేను చూశాను. నాకేమీ కనపడలేదు. బల్ల మీదనుంచి నా కళ్లజోడు తీసి పెట్టుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి మళ్లీ చూశాను.

ఉంది.